చెల్లెలు వైల్డ్‌లైఫ్ బయాలజీ అంటోంది, నాన్న బీఎడ్ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_అన్న:

మాది గుంటూరు. చెల్లెలు ఇక్కడే జువాలజీ మేజర్‌తో డిగ్రీ చదువుతోంది, ఈ వేసవికి మూడో ఏడు అయిపోతుంది. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌కి కూడా పంపాం, నీట్‌లో ర్యాంకు రాలేదు, సరే అని డిగ్రీలో చేర్చాం. నాన్న గవర్నమెంట్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు కాబట్టి ఆయన లెక్క చాలా సింపుల్: బీఎడ్ చెయ్యి, డీఎస్సీ రాయి, దగ్గర్లో పోస్టింగ్ వస్తే అంతకన్నా ఏం కావాలి అంటారు. ఈ పిల్లేమో ఏడాదిగా ఆదివారం వస్తే చాలు ఉప్పలపాడు చెరువు దగ్గరికి పోయి కూర్చుంటోంది, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అంటూ ఒక పుస్తకం నిండా ఏవేవో రాసింది. ఇప్పుడు వైల్డ్‌లైఫ్ బయాలజీలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది, దానికి డెహ్రాడూనో బెంగళూరో వెళ్లాలట. మా మేనత్త వినగానే "జూలో ఉద్యోగమా అమ్మా?" అంది, ఇంట్లో మూడు రోజులు అదే టాపిక్.

నేను సాఫ్ట్‌వేర్, నాకు వీటి గురించి సున్నా. అడగాలనుకున్నవి ఇవీ: అసలు ఇది చదివితే ఏం పని చేస్తారు? ఎక్కడ చదవాలి, నాలుగో ఏడు ఆనర్స్ కూడా పూర్తి చేయాలా? బైపీసీ పిల్ల కాబట్టి లెక్కలంటే భయం, అది అడ్డొస్తుందా? జీతం మాట నిజంగా చెప్పండి, మోటివేషన్ వద్దు. ఇంకోటి, అడవిలో ఒంటరిగా ఆడపిల్ల అని అమ్మ ఒకటే టెన్షన్.


నల్లమల_నోట్స్:

మాది విజయవాడ సత్యనారాయణపురం, నేను ఈ పీజీ చేసి, మూడు నాలుగు ప్రాజెక్టుల్లో పని చేసి, ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను. మా ఇంట్లోనూ "జూలోనా?" అనే అడిగారు కాబట్టి మీ మేనత్తగారి మీద నాకేం కోపం లేదు.

ముందు పని ఏమిటో చెప్తాను, ఎందుకంటే చాలామంది టీవీలో పులిని చూసి ఈ కోర్సులోకి వస్తారు, వచ్చాక ఆర్నెల్లు ఎక్సెల్ షీటు చూసి బెంబేలెత్తిపోతారు. వైల్డ్‌లైఫ్ బయాలజీ అంటే చాలావరకు లెక్కపెట్టడం. ఒక అడవిలో ఎన్ని జింకలున్నాయి, పోయినేడు కంటే పెరిగాయా తగ్గాయా, ఎందుకు తగ్గాయి, రోడ్డు వెడల్పు చేస్తే ఏమవుతుంది, పశువులు మేస్తే ఏమవుతుంది. ఇవన్నీ గట్టిగా చెప్పాలంటే లెక్క గట్టిగా ఉండాలి. ఒకప్పుడు పులుల్ని పాదముద్రలు చూసి లెక్కపెట్టేవాళ్లు. ఒక్కో పులి అడుగు ఒక్కోలా ఉంటుందని, చూసి గుర్తుపట్టొచ్చని నమ్మకం. రాజస్థాన్‌లో సరిస్కాలో కాగితాల మీద పులులు ఉంటూనే ఉన్నాయి, 2005 వచ్చేసరికి చూస్తే అడవిలో ఒక్కటీ లేదు, వేటగాళ్లు మొత్తం ఊడ్చేశారు. ఆ దెబ్బతో దేశమంతా పద్ధతి మారింది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు) పెట్టి, చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపట్టి, దాని మీద గణాంకాలు వేస్తారు. 2006 లెక్కలో తేలిన అంచనా 1,411. 2022 లెక్కలో కనీసం 3,167 అన్నారు. ఈ రెండు అంకెల వెనక ఎంతమంది బయాలజిస్టులు కెమెరాల బ్యాటరీలు మోసుకుంటూ కొండలెక్కారో పేపర్లో రాదు లెండి.

లెక్కల భయం గురించి. ఇంటర్ ఎంపీసీ లెక్కలు అక్కర్లేదు. కానీ స్టాటిస్టిక్స్ తప్పదు, దాన్నుంచి తప్పించుకునే దారి లేదు. ఒక ఉదాహరణ చెప్తా, మీ చెల్లెలికి చూపించండి. చెరువులో 50 తాబేళ్లు పట్టి గుర్తు పెట్టి వదిలేశాం. కొన్నాళ్లకి మళ్లీ 40 పట్టాం, వాటిలో 10కి మన గుర్తు ఉంది. అంటే పట్టిన వాటిలో నాలుగో వంతు పాతవి, కాబట్టి చెరువులో సుమారు 200 ఉండొచ్చు. పులుల లెక్కకి మూలం ఇదే, కాకపోతే గుర్తు మనం పెట్టక్కర్లేదు, చారలు పుట్టుకతోనే ఉన్నాయి. ఇది చదవగానే "మరి మధ్యలో కొన్ని చచ్చిపోతేనో, గుర్తున్న తాబేలు మనల్ని చూసి పారిపోవడం నేర్చుకుంటేనో?" అని ఆ పిల్లకి అనుమానం వస్తే ఇంక మీరు భయపడక్కర్లేదు. అనుమానం రాకపోయినా నేర్పిస్తారు, కొంచెం ఎక్కువ ఏడవాలి అంతే.

ఎక్కడ చదవాలి అంటే, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, 1982లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ అని 2004 నుంచి నడుస్తోంది, బ్యాచ్ రెండేళ్లకోసారే తీసుకుంటారు కాబట్టి ఆమె డిగ్రీ అయ్యే ఏడు అడ్మిషన్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. అక్కడ ఇంజినీర్లు, డాక్టర్లు కూడా వచ్చి చేరతారు, జువాలజీయే కావాలని లేదు. ఈ రెండిట్లోనూ సీట్లు ఒక చిన్న క్లాస్‌రూమ్‌కి సరిపడా ఉంటాయి, పోటీ దేశం మొత్తం మీద. ఎంట్రన్స్‌లో బట్టీ ప్రశ్నలు తక్కువ, ఒక గ్రాఫ్ ఇచ్చి ఏం అర్థమైందో చెప్పు అన్న రకం ఎక్కువ, మన కార్పొరేట్ కాలేజీ చదువుకి అక్కడే ఎదురుదెబ్బ. ఇవి కాకుండా అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో వైల్డ్‌లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ ఉంది, తమిళనాడులో మయిలాడుతురై దగ్గర ఏవీసీ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ చాలాకాలంగా ఉంది, ఖర్చు తక్కువ, అక్కడినుంచి వచ్చినవాళ్లు ఫీల్డులో గట్టిగా ఉంటారు. వీటన్నిటికీ మూడేళ్ల డిగ్రీ చాలు. నాలుగో ఏడు ఆనర్స్ కోసం ఆగమని నేనైతే చెప్పను.

జీతం సంగతి ఇంకొకరు రాస్తే బాగుంటుంది, నేను రాస్తే పక్షపాతం అంటారు.


నిజమే_చెప్తా:

నేను రాస్తాను. అదే పీజీ చేశాను, నాలుగైదేళ్లు ఫీల్డులో పని చేశాను, ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్యాంకులో కూర్చుని గోల్డ్ లోన్లు ఇస్తున్నాను.

బ్రదర్, ఈ రంగంలో పర్మినెంట్ ఉద్యోగం అనే మాట చాలా అరుదు. ప్రాజెక్టు ఉంటుంది, దానికి ఏడాదో రెండేళ్లో డబ్బు ఉంటుంది, అది అయిపోతే మీరు మళ్లీ ఈమెయిళ్లు పెట్టుకోవాలి. పోస్టు పేరు రీసెర్చ్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్, ఫీల్డ్ బయాలజిస్ట్, పేరేదైనా సంగతి అదే. నేను చేసిన ఒక చోట గ్రాంట్ ఆలస్యమైందని జీతం నెలల తరబడి ఆపారు, అడిగితే "ప్యాషన్ ఉండాలి" అన్నారు. ఇంటద్దె వసూలు చేసేవాడికి ప్యాషన్ చూపిస్తే ఊరుకుంటాడా? ఇంటర్న్‌షిప్‌లైతే చాలాచోట్ల డబ్బే ఇవ్వరు, మనమే ట్రైన్ టికెట్ పెట్టుకుని పోవాలి. దాని ఫలితం ఏమిటంటే ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లే ఈ రంగంలో నిలబడతారు. నాతో చదివినవాళ్లలో సగానికి సగం బెంగళూరు, పూణే, ఢిల్లీ పిల్లలు, ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో ఎవరూ నెల నెలా డబ్బు పంపమని అడగరు. మన పల్నాడు పిల్లోడు ఎంత తెలివైనవాడైనా చెల్లెలి పెళ్లి అనగానే బ్యాంక్ కోచింగ్‌లో చేరాడు. ఆ పల్నాడు పిల్లోణ్ని నేనే అనుకోండి.

గ్యారంటీగా డబ్బు వచ్చే దారి ఒకటి ఉంది, అది సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ కొట్టడం. నెలకి 37,000, పైన ఇంటద్దె అలవెన్సు. కానీ ఆ పేపర్లో 13 యూనిట్లు ఉంటే ఎకాలజీకి ఒకటీ అరా. మిగతాదంతా సెల్ బయాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్. అడవిలో తిరిగి తిరిగి వచ్చి క్రెబ్స్ సైకిల్ చదవాలి. చేస్తారా అంటే చేస్తారు, చేసినవాళ్లు ఉన్నారు.

నా సలహా, నాన్నగారు చెప్పినట్టు బీఎడ్ చేసి పెట్టుకోమనండి. ఉద్యోగం వచ్చాక పక్షుల్ని ఆదివారం చూసుకోవచ్చు. ఉప్పలపాడు ఎక్కడికీ పోదు.


నల్లమల_నోట్స్:

జీతం గురించి మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. డబ్బివ్వని ఇంటర్న్‌షిప్‌ల మీద నాకూ మీ అంత కోపం ఉంది. కానీ చివరి వాక్యంతో పేచీ. ఉప్పలపాడు ఎక్కడికీ పోదని ఎవరు చెప్పారండీ? కొల్లేరు ఎక్కడికీ పోదనే అనుకున్నారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది, అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సులోకి ఎంత లోపలికి వెళ్లాయంటే 2006లో ప్రభుత్వమే పొక్లెయిన్లు పెట్టి కొట్టించాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ వెలిశాయి, అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా మూడో కాంటూరా (ఎంత ఎత్తు నీటిమట్టం దాకా అని) అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. అక్కడ బతికే జనం పొట్టకూటి ప్రశ్న కూడా నిజమే, అందుకే అది అంత తేలిగ్గా తెగదు. ఆ గొడవలో ఎవరైనా సరస్సు గురించి కచ్చితంగా మాట్లాడాలంటే ఇన్నేళ్లుగా నీళ్లెంత, పక్షులెన్ని, చేపలేమిటి అని కూర్చుని రాసిన మనిషి కావాలి. ఆదివారం చూసేవాళ్ల వల్ల కొంత అవుతుంది, అంతా అవదు.

ఇంకోటి, బీఎడ్‌కి రెండేళ్లు. ఎమ్మెస్సీకీ రెండేళ్లు. ఏది ముందు చేస్తే రెండోదానికి దారి మూసుకుపోతుందో చూసుకోండి. ఎమ్మెస్సీ చేసినవాళ్లకి తర్వాత కూడా బీఎడ్ చేసే వీలుంది. బీఎడ్ చేసి డీఎస్సీ చుట్టూ నాలుగేళ్లు తిరిగినవాళ్లు మళ్లీ అడవికి వచ్చింది నేను చూడలేదు.


గన్నవరం_వెట్:

ఒక చిన్న మాట. జంతువులకి వైద్యం చేయాలని ఉంటే అది వేరే దారి, వెటర్నరీ, మా గన్నవరం కాలేజీ లాంటిది. ఏనుగుకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చేది, పులికి కాలర్ వేసేటప్పుడు పక్కన ఉండేది మేమే. బయాలజిస్టు ఒక్కో జంతువుకి మందు వేయడు, మొత్తం మంద సంగతి చూస్తాడు. డిగ్రీ అయిపోతున్న పిల్ల కాబట్టి మళ్లీ వెనక్కి వచ్చి ఐదున్నరేళ్లు చదవడం అనవసరం. ఇది రాసింది ఈ చర్చ చూసే ఇంటర్ పిల్లల కోసం, వాళ్లు ఈ రెండిటినీ కలిపేస్తుంటారు.


బీట్_మార్కాపురం:

ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను, హోదా అడగొద్దు. జనం కలిపేసే ఇంకో రెండు ముక్కలు చెప్తా. ఫారెస్ట్ ఆఫీసర్ వేరు, వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్ వేరు. మా పని కాపలా, మంటలు ఆర్పడం, కేసులు పెట్టడం, కోర్టుకి తిరగడం, ఊరివాడి గేదెని పులి తింటే పంచనామా రాసి పరిహారం ఫైలు కదిలించడం. పులి మీద రీసెర్చ్ చేసే తీరిక మాకుండదు, ఆ రిపోర్టులు రాసేవాళ్లని మేం జీపులో తిప్పుతాం.

కానీ మీ నాన్నగారికి "గవర్నమెంట్ ఉద్యోగం" అనే మాట వినపడాలి కాబట్టి ఇది చెప్పండి. జువాలజీ డిగ్రీతో యూపీఎస్‌సీ వాళ్ల ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ (ఐఎఫ్‌ఎస్) రాయొచ్చు. ప్రిలిమ్స్ ఐఏఎస్‌తో కలిపే ఉంటుంది, 2013 నుంచి అలాగే, మెయిన్స్ మాత్రం వేరు, అందులో జువాలజీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. రాత అయ్యాక నడక పరీక్ష ఉంటుంది, నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు. రాష్ట్రంలో ఏపీపీఎస్‌సీ రేంజ్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, దాన్ని నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దు.

రీసెర్చ్ చేయాలనుకునే పిల్లలకి ఒక విన్నపం. అభయారణ్యంలోకి పర్మిషన్ లేకుండా రావొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, ఆ కాగితం చేతికి రావడానికి నెలలు పడుతుంది, డిసర్టేషన్ (ఎమ్మెస్సీ చివర్లో చేసే రీసెర్చ్ పని) ఆర్నెల్లే ఉంటే అందులో సగం ఆఫీసు మెట్ల మీదే గడిచిపోతుంది. కాబట్టి దరఖాస్తు చాలా ముందుగా పెట్టాలి. మా వాళ్ల మీద మీకు కోపం వస్తుంది, నాకు తెలుసు, కొన్నిసార్లు న్యాయమైన కోపమే.

ఒకటి మాత్రం రాయాలి. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. అందులో ఏ వాగు దగ్గర ఏ వేళకి ఏం తిరుగుతుందో చెప్పాలంటే చెంచులే. ఎమ్మెస్సీ చేసి వచ్చిన ఒకబ్బాయి కెమెరా ఎక్కడ పెట్టాలా అని మ్యాపు పరుచుకుని గంటసేపు చూస్తుంటే, మా చెంచు వాచర్ ఒక చెట్టు మొదట్లో గోళ్ల గీతలు చూపించి "ఇక్కడ కట్టు సారూ" అన్నాడు. కట్టాడు, కెమెరాలో మగపులి పడింది. ఇలాంటివాళ్ల దగ్గర కూర్చుని వినే ఓపిక ఉంటే మీ చెల్లెలు బాగుపడుతుంది. ఆ వాచర్ కూలి ఎంతో కూడా ఒకసారి అడగండి, పైన బ్యాంకు మిత్రుడు తన జీతం గురించి అంత బాధపడడు.


నిజమే_చెప్తా:

ఒప్పుకున్నా సార్.

కలివికోడి సంగతీ అదే కదా. ప్రపంచంలో లేదనుకున్న పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర బయటపడింది, అది కూడా స్థానికుల సాయంతోనే. బయటి నుంచి వచ్చిన సైంటిస్టు పేరు అందరికీ తెలుసు, పట్టుకుని చూపించిన ఊరి మనిషి పేరు ఎంతమందికి తెలుసు?


బ్రాడీపేట_అన్న:

అందరికీ థ్యాంక్స్, ఇంత రాస్తారని అనుకోలేదు. ఐఎఫ్‌ఎస్ పేరు చెప్పగానే నాన్న పేపర్ పక్కన పెట్టి విన్నారు, అది జరిగింది. తర్వాత మళ్లీ "ముందు బీఎడ్ చేసి అది రాయొచ్చుగా" అన్నారనుకోండి.

అమ్మ ప్రశ్న మిగిలిపోయింది. నల్లమల_నోట్స్ గారూ, మీరు ఆడవాళ్లే కాబట్టి నిజం చెప్పండి, పులులున్న చోట ఎలా తిరుగుతారు? ఇంకా, ఇంగ్లీష్. తను చదువుతుంది, రాస్తుంది, మాట్లాడమంటే బిగుసుకుపోతుంది.


నల్లమల_నోట్స్:

అమ్మగారికి చెప్పండి, పులి కంటే నాకు ఎలుగుబంటి అంటే భయం. నల్లమలలో పులి మనల్ని చూసి ముందే తప్పుకుంటుంది, చాలాసార్లు అది అక్కడుందని మనకి తెలియను కూడా తెలియదు. ఎలుగుకి చూపు అంతంత మాత్రం, మలుపులో ఎదురుపడితే అదే కంగారుపడి మీద పడుతుంది. అందుకే పొద్దున్నే నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడుస్తాం, ట్రాన్సెక్ట్ (జంతువుల్ని లెక్కపెడుతూ నడిచే గీత) మీద మాత్రం నిశ్శబ్దంగా, అప్పుడు ముందు వాచర్ ఉంటాడు. ఒంటరిగా ఎవరూ వెళ్లరు, వెళ్లనివ్వరు కూడా. జంతువుల కంటే బాధపెట్టేవి గోమార్లు, మలేరియా, సిగ్నల్ లేకపోవడం.

అసలు ప్రమాదం ఇంకోటి, అది అమ్మగారు అడగలేదు గానీ నేను చెప్పాలి. ఫీల్డ్ స్టేషన్‌లో ఎవరితో ఉంటాం, రాత్రి గది గడియ సరిగ్గా పడుతుందా, బాత్రూమ్ ఎక్కడ, టీమ్‌లో ఇంకో ఆడమనిషి ఉందా, సీనియర్ ఎలాంటివాడు. ఏ ప్రాజెక్టులో చేరే ముందైనా అంతకుముందు అక్కడ పని చేసిన అమ్మాయిని ఫోన్ చేసి అడగాలి. ప్రాజెక్టు హెడ్‌ని కాదు, ఆ అమ్మాయిని. ఆమె మాట నసిగితే చేరొద్దు. పోష్ కమిటీ (లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ) ఉందా అని కూడా అడగండి, అడిగితే మొహం చిట్లించే చోటైతే వదిలేయండి, ఎంత మంచి ప్రాజెక్టైనా సరే.

నెలసరి రోజుల్లో కొండెక్కడం గురించి కూడా మా సీనియర్లు ఎవరూ చెప్పలేదు. నేను మా జూనియర్లకి చెప్తున్నాను. ఆ రోజు డేటా ఎంట్రీ చేస్తాను అని చెప్పే హక్కు ఉంటుంది, సిగ్గుపడక్కర్లేదు.

ఇంగ్లీష్ సంగతి, ఇంటర్వ్యూలో తడబడినా సీటొస్తుంది, వచ్చింది నాకు. వాళ్లకి కావాల్సింది తను ఏం చూసిందో, దాన్నుంచి ఏం అనుకుందో. ఆ ఉప్పలపాడు పుస్తకాన్ని తీసుకెళ్లమనండి. ఇక ఫీల్డులోకి వచ్చాక తెలుగు వచ్చినవాళ్ల విలువ వేరు. బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు చెంచు గూడెంలో దుభాషీని పెట్టుకుని సర్వే చేస్తుంటే మనం మంచం మీద కూర్చుని కబుర్లాడుతూ వాళ్లకి దొరకని సంగతులు రాసుకుంటాం.


బాపట్ల_తీరం:

అందరూ నల్లమల అనే అంటున్నారు, మన జిల్లాల పక్కనే సముద్రం ఉంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు చలికాలం వెళ్లేసరికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, చచ్చినవి కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాలర్ వలలో పడితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతాయి. వలకి తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరం కడితే బతుకుతాయి, కానీ దాంతో చేపలు కూడా కొన్ని పోతాయని బోటువాళ్ల భయం. ఈ రెండిటి మధ్య నిలబడి మాట్లాడగలిగినవాళ్లు కావాలి. అవతల కృష్ణా అభయారణ్యం, నాగాయలంక కింద మడ అడవులు, అక్కడ బావురు పిల్లి ఉంది. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుతుంది. గుంటూరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఫీల్డులో ఉండొచ్చు. డెహ్రాడూన్ వెళ్లి చదవనివ్వండి, డిసర్టేషన్‌కి మాత్రం ఇక్కడికి రమ్మనండి, మా మీద రాసేవాళ్లు తక్కువ.

జీతం సంగతిలో ఒకటి మర్చిపోయారు. కన్సల్టెన్సీలు. ఫ్యాక్టరీయో పోర్టో రోడ్డో కట్టాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టు కావాలి, అందులో ఎకాలజీ భాగం రాయడానికి మనిషి కావాలి. ఫీల్డ్ ప్రాజెక్టుల కంటే డబ్బు నయం. కానీ రిపోర్టు రాసేవాడికి డబ్బిచ్చేది ఫ్యాక్టరీ కట్టేవాడే, కాబట్టి "ఇక్కడ చెప్పుకోదగ్గ జీవజాలం లేదు" అని రాయమనే ఒత్తిడి ఉంటుంది. నేను ఒక కంపెనీలో కొన్నాళ్లు చేసి బయటికొచ్చాను. లోపల ఉండి నిజాయితీగా రాసేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం, నాకంత ఓపిక లేకపోయింది.


బ్రాడీపేట_చెల్లెలు:

నేనే ఆ చెల్లెల్ని. అన్నయ్య లింక్ పంపాడు. ఆయన రాసినట్టు నేను లెక్కలంటే భయపడను, ఇంటర్‌లో లెక్కలు లేవు కాబట్టి రాలేదు, రెండూ ఒకటి కాదు. తాబేళ్ల లెక్క చదివాను. గుర్తు పెట్టేటప్పుడు తేలిగ్గా దొరికేవే దొరుకుతాయి కదా, రెండోసారీ అవే దొరికితే అసలు సంఖ్య కంటే తక్కువ వస్తుంది కదండీ?

నాకు కావాల్సింది ఒకటే. ఎంట్రన్స్‌కి ఇంకా టైముంది. ఈ చలికాలం ఉప్పలపాడులో నేను ఒక్కదాన్నే, డబ్బు లేకుండా, రేపు ఇంటర్వ్యూలో చూపించుకోదగ్గ పని ఏదైనా చేయొచ్చా? ఇప్పటిదాకా ఏ పక్షులు వచ్చాయో రాశాను గానీ అది ఉత్త జాబితా.


నల్లమల_నోట్స్:

తాబేళ్ల ప్రశ్నకి జవాబు: అవును, తక్కువ వస్తుంది. దాన్ని సరిచేసే మోడల్స్ ఉన్నాయి, పీజీలో అవే నేర్పుతారు. ఈ ఒక్క ప్రశ్న చాలు, మీ నాన్నగారితో నేను మాట్లాడమన్నా మాట్లాడతాను.

ఉప్పలపాడులో గూళ్లు లెక్కపెట్టు. చెరువులో సర్కారు తుమ్మ చెట్లు ఉన్నాయి కదా, వాటిలో ఒడ్డు నుంచి బాగా కనిపించే కొన్ని చెట్లు ఎంచుకో, ఒక్కో చెట్టుకి ఒక నంబరు, ఒక స్కెచ్. వారం వారం అదే చోట నిలబడి, అదే వేళకి, అంతే సేపు చూడు. ఏ చెట్టు మీద ఏ జాతి గూళ్లు ఎన్ని, పిల్లలు కనిపిస్తున్నాయా, ఏ గూడు ఖాళీ అయింది. సున్నా వస్తే సున్నా అని రాయి, ఖాళీగా వదలకు, ఖాళీ అంటే చూడలేదని అర్థం. ఆకాశం, గాలి, చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అన్నది కూడా ఒక లైను. అప్పుడు నీకు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి: గూడబాతులు పై కొమ్మలే ఎందుకు పట్టుకుంటున్నాయి, ఊరి వైపు చెట్ల మీద తక్కువ ఎందుకు, నీళ్లు తగ్గినప్పుడు ఏమవుతోంది. ఒక ప్రశ్న పట్టుకుని దాన్నే తవ్వు. వీలైతే స్నేహితురాలిని తీసుకెళ్లి, ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత పోల్చి చూడండి. తేడా వస్తుంది. ఆ తేడా ఎంతో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో నిన్ను వదలరు.

చూసినవి ఈబర్డ్‌లో (పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు ఎక్కించే వెబ్‌సైటు) ఎక్కించు. లెక్కలకి ఆర్, మ్యాపులకి క్యూజీఐఎస్, రెండూ ఉచితం, అన్నయ్య సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆయన్ని ఇన్‌స్టాల్ చేయమను, ఆ మాత్రం పని చేయనీ.

గూళ్ల దగ్గరికి పోవద్దు, పిల్లల ఫొటోల కోసం అసలే వద్దు, పెద్దవి ఎగిరిపోతే ఎండకి పిల్లలు మాడిపోతాయి, కాకులు కాచుకుని ఉంటాయి. ముందు ఊళ్లో పెద్దవాళ్లకి ఏం చేస్తున్నావో చెప్పు. ఆ పక్షుల్ని ఇన్నేళ్లు కాపాడింది వాళ్లే, ఎవరు ఎప్పటినుంచి చూస్తున్నారో అడిగి అదీ రాసుకో.


బీట్_మార్కాపురం:

జనవరిలో నీటి పక్షుల లెక్క జరుగుతుంది, ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అంటారు. కొల్లేరులో ఆటపాక వైపు వాలంటీర్లు కావాల్సి వస్తుంది. దగ్గర్లోని డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసుకి డిసెంబర్‌లోనే ఒక లెటర్ పెట్టుకోమ్మా, కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో. సంతకం లేకపోతే ఫైల్లోనే ఉండిపోతుంది.


బ్రాడీపేట_చెల్లెలు:

పెడతాను సార్. ఆటపాకకి కైకలూరులో దిగాలి కదా? విజయవాడ నుంచి పొద్దున్నే వెళ్లే ట్రైన్ ఉంటే అమ్మని కూడా తీసుకొస్తాను, తను వచ్చి చూస్తేనే నమ్ముతుంది.


నిజమే_చెప్తా:

కైకలూరే, స్టేషన్ నుంచి ఆటో చాలు. నేను కూడా ఆ లెక్క రోజున వస్తాను, పాత స్పాటింగ్ స్కోప్ ఒకటి అటక మీద పడుంది, తుడిచి తెస్తాను. బీఎడ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.